ఆయిల్ చాంబరు కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శిగారు అడిగారు. రాజుల చరిత్ర రాయగలవారు మనలో ఉన్నారు. నేను సర్వీసులో ఎక్కువ కాలం వాహనాల సెక్షనులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. కనుక నాకు తెలిసిన ఒక వస్తువు చరిత్ర రాస్తాను. అది డీజిల్ ఇంజను అడుగున ఉండే ఆయిల్ పాన్. మన మెకానిక్కులు దానిని చాంబరు అంటారు.

డీజిల్ అన్నది ఒక మనిషి పేరు. రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్‌లో జర్మన్ తల్లిదండ్రులకు పుట్టాడు. 1893లో ఆగ్స్‌బర్గ్ కర్మాగారంలో ఆయన ఇంజనుకు మొదటి పరీక్ష జరిగింది. 1897 నాటి పరీక్షలో అది ఇంధనంలోని శక్తిలో సుమారు 26 శాతం పనిగా మార్చింది. ఆనాటి ఆవిరి యంత్రాలు దాని దరిదాపుల్లో లేవు. 1913లో ఓడ ప్రయాణంలో ఆయన కనిపించకుండా పోయాడు. మన దేశంలో 1954లో టాటావారు జర్మనీ కంపెనీ సహకారంతో జంషెడ్‌పూర్‌లో డీజిల్ లారీల తయారీ మొదలుపెట్టారు.

చాంబరులోని ఆయిలును పంపు పైకి తోడి బేరింగులకు పంపుతుంది. అది తిరిగి చాంబరులోకే దిగుతుంది. ఆయిలు ఆగితే కొద్ది నిమిషాల్లో ఇంజను పట్టేస్తుంది. ఇంత ముఖ్యమైన వస్తువు ఇంజనుకు అట్టడుగున, రోడ్డు మీది రాళ్ళకు ఎదురుగా ఉంటుంది.

పూర్వం చాంబర్లు పోత ఇనుముతో, రేకుతో చేసేవారు. పోత ఇనుము బరువు, పైగా సరిగా వేడి చేయకుండా వెల్డింగు పెడితే పక్కనే మళ్ళీ పగులుతుంది. రేకు చాంబరు దెబ్బకు సొట్టపడుతుంది గాని తొందరగా పగలదు. చిల్లిపడినా గ్యాసు వెల్డింగుతో పోతుంది. తరువాత అల్యూమినియం పోత వచ్చింది. తేలికే గాని దెబ్బకు చీలుతుంది. దానికి ఆర్గాన్ వెల్డింగు కావాలి. ఆ పద్ధతి 1940ల మొదట్లో అమెరికా విమాన పరిశ్రమలో రూపుదిద్దుకొంది. మన ఊళ్ళ షెడ్లకు చేరేసరికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు వస్తున్నది కాంపోజిట్ చాంబరు. 1935లో అమెరికాలో కారొథర్స్ బృందం తయారుచేసిన నైలాన్ జాతి ప్లాస్టిక్కులో గాజు నారను కలిపి అచ్చు పోస్తారు. బరువు అల్యూమినియంలో సుమారు సగం. తుప్పు పట్టదు, చప్పుడు తగ్గిస్తుంది.

గత ఏడాది మా తమ్ముడి కొడుకు లారీకి దారిలో రాయి తగిలి ఇలాంటి చాంబరే పగిలింది. అక్కడి మేస్త్రి అనుభవజ్ఞుడు. ఆయిలు దింపి, చాంబరు విప్పి, జిడ్డంతా పోయేలా కడిగాడు. పగులు ముందుకు పాకకుండా దాని రెండు కొసల్లో సన్నని రంధ్రాలు వేశాడు. చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, ఎపాక్సీ జిగురుతో గాజు గుడ్డ పొరలుగా అంటించి రాత్రంతా ఆరనిచ్చాడు. తెల్లవారి, "ఇది ఇంటికి చేరడానికే బాబూ, చేరాక కొత్తది వేయించు" అన్నాడు. నైలానుకు జిగురు గట్టిగా పట్టదు, వేడికి చల్లదనానికి సాగి ముడుచుకొని ఊడివస్తుంది అని కారణం కూడా చెప్పాడు. వాడు దారిలో ఆగి ఆగి ఆయిలు చూసుకుంటూ ఇల్లు చేరాడు. "ఇంకొన్నాళ్ళు ఇలాగే నడపనా పెదనాన్నా?" అని ఫోనులో అడిగితే, ఆ రోజే కొత్తది కొనమన్నాను. అంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది.

1983లో మా ఆఫీసు వాహనానికి అల్యూమినియం చాంబరు చీలింది. కొత్తది కావాలని డ్రైవరుగారు ఇండెంటు పెట్టారు. "మరమ్మతునకు వీలున్నందున కొత్తది కొనుట అనవసర వ్యయము" అని నోటు రాసినవాణ్ణి నేను. చాంబరు కళ్ళతో చూడనైనా లేదు. అధికారి సంతకం చేశారు. ఎవరో జిడ్డు మీదనే ముద్ద పూసి పంపారు. పన్నెండో రోజున ముద్ద ఊడి, ఆయిలంతా పోయి, ఇంజను పట్టేసింది. ఆయిలు చూసుకోలేదని డ్రైవరుగారికి మెమో ఇచ్చి, జీతంలోంచి వాయిదాలలో రికవరీ పెట్టారు. ఆ ఉత్తర్వు చిత్తుప్రతి రాసిందీ నేనే. నా నోటు అదే ఫైలులో నాలుగు పేజీల వెనుక ఉంది. ఎవరూ తిప్పి చూడలేదు. నేనూ చూపలేదు.

ఆయన మన సంఘంలో సభ్యులుగా ఉండి కాలం చేశారు. సమావేశాలలో కలిసినప్పుడల్లా నవ్వుతూ పలకరించేవారు. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను. ఈ సంచిక వారి ఇంటికి కూడా వెళుతుంది. తప్పు ఆ డ్రైవరుగారిది కాదు, నాది అని వారి పిల్లలు తెలుసుకోవాలనే ఈ చాంబరు కథ ఎత్తుకున్నాను.

సెలవు.