రెండో షిఫ్ట్ ఎవరి కోసం?

ల్యాప్‌టాప్ మీద షిఫ్ట్ మీట రెండు వైపులా ఉంటుంది. ఒకటి పాడైతే ఆదుకుంటుందని పెట్టింది కాదు. అది రెండో చేతి వాటా.

దీని మూలం టైపురైటర్లో ఉంది. రెమింగ్టన్ వాళ్లు 1874లో అమ్మకానికి పెట్టిన యంత్రం ఇంగ్లిష్ పెద్దక్షరాలు మాత్రమే కొట్టేది. 1878 నాటి నంబర్ 2లో ఒకే కడ్డీకి చిన్నదీ పెద్దదీ రెండు అక్షరాలూ బిగించారు. షిఫ్ట్ నొక్కితే క్యారేజీ జరిగి పెద్దక్షరం పడేది. పోటీకి వచ్చిన కాలిగ్రాఫ్‌లో షిఫ్టే లేదు, చిన్నక్షరాలకూ పెద్దక్షరాలకూ వేర్వేరు మీటలు. 1888 జులై 25న అమెరికాలోని సిన్సినాటిలో ఈ రెండు యంత్రాల మధ్య టైపింగ్ వేగపు పందెం జరిగింది. రెమింగ్టన్ మీద, మీటల వంక చూడకుండా అన్ని వేళ్లతో కొట్టిన ఫ్రాంక్ మెక్‌గురిన్ గెలిచాడు. ప్రతి వేలికీ ఒక చోటు కేటాయించే ఆ పద్ధతిలో, ఎడమచేతి అక్షరానికి షిఫ్ట్ పట్టాల్సింది కుడి చిటికెన వేలే.

మన ఊళ్లలో టైపు లోయరు, హయ్యరు నేర్చుకున్నవారికి ఇది వేళ్లకు పట్టిన పాఠం. కంప్యూటర్లో తెలుగు కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికలో దీని అందం ఇంకా బాగా తెలుస్తుంది. అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి వైపు. ‘ఖ’ కొట్టాలంటే ఎడమ షిఫ్ట్, ‘అ’ కొట్టాలంటే కుడి షిఫ్ట్.

1981 నాటి ఐబీఎం పీసీకి 83 మీటలు. షిఫ్ట్‌లు రెండున్నా కంట్రోల్, ఆల్ట్ ఒక్కొక్కటే, అవీ ఎడమ పక్కనే. ఆ దశాబ్దం నడుమ వచ్చిన 101 మీటల కీబోర్డు కుడివైపూ వాటిని చేర్చింది. కుడి కంట్రోల్ పంపే సంకేతం ఎడమదానిదే, ముందు ఒక గుర్తు మాత్రం అదనం. ఆ గుర్తు తెలియని పాత ప్రోగ్రాములకు రెండూ ఒకటే, తెలిసినవాటికి రెండూ వేరు. ఇంత ముందుచూపున్న ఇంజినీరింగ్ నాకు ఎంతో ఇష్టం. రెండు ఆల్ట్‌ల మధ్యా ఉన్న ఆ తేడా వల్లే విండోస్ ఇండియా ఇంగ్లిష్ అమరికలో కుడి ఆల్ట్‌తో 4 నొక్కితే రూపాయి గుర్తు పడుతుంది.

2024 నుంచి కొన్ని ల్యాప్‌టాప్‌లలో కుడి కంట్రోల్ స్థానాన్ని, ఏఐ సహాయకుణ్ణి తెరిచే కోపైలట్ మీట ఆక్రమిస్తోంది. కుడిచేత్తో మాత్రమే పనిచేసేవారు ఇక కంట్రోల్ కోసం కీబోర్డు ఎడమ చివరిదాకా చెయ్యి చాచాలి. ఈ మార్పు నాకు అన్యాయంగా తోస్తోంది. పాత మీటను వెనక్కి తెచ్చుకునే వీలు ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ సులువుగా ఉండాలి.