డెల్టా శబ్దము: అర్థపరిణామము

హైదరాబాదునందు అఫ్జల్‌గంజును పాతనగరముతో కలుపు వంతెనకు నయాపూల్ అని పేరు. 1578లో కట్టబడిన పురానాపూల్‌తో పోల్చి జనులు దీనిని క్రొత్తవంతెన అనిరి. వంతెన పాతబడినను పేరు మాఱలేదు. పేరు పుట్టుటకు కారణమైన పోలిక ఒకటి. వాడుకలో అది మోయు అర్థము మఱియొకటి. ఈ వంతెన క్రింద పాఱు మూసీ వాడపల్లికడ కృష్ణలో కలియును. ఆ నీరు తుదకు చేరు భూమికి గల డెల్టా అను పేరును ఇట్టిదే.

డెల్టా గ్రీకు వర్ణమాలలో నాలుగవ యక్షరము పేరు. గ్రీకులు దీనిని ఫినీషియనుల లిపినుండి గ్రహించిరి. మూలమైన దాలెత్ అను సెమిటిక్ పదమునకు తలుపు అని యర్థము. గ్రీకునకు వచ్చునప్పటికి ఆ యర్థము పోయి ముక్కోణాకృతి మాత్రము మిగిలినది. క్రీ.పూ. 5వ శతాబ్దివాడగు హెరొడోటసు నైలునదీముఖభూమిని ఈ పేరుతో వ్యవహరించెను. క్రీ.శ. 2వ శతాబ్దివాడగు అరియను సింధునదికిని ఇదే పోలిక చెప్పి, దేశీయులు ఆ భూమిని పట్టల అందురని వ్రాసెను. ఒక నదికి చెందిన పేరు ఇట్లు జాతివాచకమగు త్రోవ పట్టినది. ఆంగ్లమునందు అది సామాన్యనామముగా స్థిరపడినది.

తెలుగునకు ఈ పదము ఆంగ్లముద్వారా వచ్చినదనుటకు దాని రూపమే సాక్షి. గ్రీకు ఉచ్చారణలో మొదటి వర్ణము దంత్యము. నేరుగా వచ్చియుండినచో మనము దకారమును వ్రాసియుందుము. మనది డకారము. నదీముఖమునకు సంబంధించిన పాయ, లంక, కోనసీమ వంటి పదములు మనకు కలవు. కాని అవి ఆ భూమిలోని భాగములకే చెల్లును. సమస్తమును తెలుపు లోటును డెల్టా తీర్చినది.

తీర్చి, అంతటితో ఆగలేదు. సర్ ఆర్థర్ కాటన్ నాయకత్వమున ధవళేశ్వరమువద్ద 1847లో ఆరంభమైన ఆనకట్ట 1852లో ముగిసినది. దాని కాలువలనుబట్టి తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా అను విభాగము లేర్పడినవి. భూగర్భశాస్త్రజ్ఞునకు గోదావరీ డెల్టా ఒక్కటే, నీటిపారుదలశాఖకు మూడు. ఇచట డెల్టా యనగా నది తెచ్చిన మట్టి కాదు, కాలువ తెచ్చిన నీరు. అందువలననే రైతు దీనిని మెట్టకు ప్రతియోగిగా వాడును. కృష్ణాజలముల వివాదమున బచావత్ న్యాయస్థానము 1973లో నిర్ణయ మిచ్చినపుడు కృష్ణా డెల్టాకు చెల్లిన 181.2 టి.ఎం.సి.లు ఈ యర్థమునకు చెందినవే. అచట ఆ పదము ఆకృతిని గాక హక్కును తెలుపుచున్నది.

అదే కాలువగట్టున ఇంజనీరు ఈ యక్షరమును వేఱొక యర్థమున వాడును. పైరు కాలమంతటిలో పొలమునకు పెట్టిన నీటి మొత్తపు లోతునకు డెల్టా అని పేరు. సెకనుకు ఒక ఘనమీటరు నీరు 120 దినములు పాఱి 864 హెక్టారులను తడిపినచో డెల్టా 1.2 మీటరులు. ఇది ఆకృతివలన వచ్చినది కాదు, గణితసంకేతము. మూడు తీగచుట్టలను ముక్కోణముగా కూర్చు విద్యుత్సంధానమును డెల్టా అనుట మాత్రము మరల ఆకృతివలననే.

క్రమసంఖ్యవలన వచ్చిన యర్థము ఇటీవలిది. కోవిడ్ క్రిమి రూపాంతరములకు దేశముల పేరులు అంటి నింద కలుగకుండుటకై ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021 మే 31న గ్రీకు అక్షరములను నిర్ణయించినది. భారతదేశమున మొదట గుర్తింపబడిన రూపాంతరమునకు నాలుగవ యక్షరము వచ్చినది. పచ్చని పొలమును స్ఫురింపజేయు పదము ఆ యేడు తెలుగుపత్రికలలో మృత్యువును స్ఫురింపజేసినది.

ఆకృతి, సంకేతము, క్రమము అను మూడింటివలన అక్షరనామము ఆంగ్లమున పదమగుచున్నది. తెలుగున దీనికి నాలుగవ యర్థము కలిగినది: కాలువనీటికి హక్కు గల భూమి. ఇది ఎరువుగా వచ్చినది కాదు, ఇచటనే పండినది. డెల్టాకు నదీముఖభూమి అని మాత్రమే యర్థము చెప్పుకొని జలవివాదముల పత్రములను చదువు విద్యార్థి, ఆ పత్రములు దేనినిగూర్చి పోరాడుచున్నవో గ్రహింపజాలడు. నిఘంటువున ఈ యర్థమునకు ప్రత్యేకముగా స్థానమీయవలసియున్నది.