గిడుగు రామమూర్తి సవర భాషా కృషి

తెలుగు వ్యావహారిక భాషోద్యమ పితామహుడిగా ప్రసిద్ధుడైన గిడుగు వెంకట రామమూర్తి (ఆగస్టు 29, 1863 – జనవరి 22, 1940) సవర భాషకు వ్యాకరణం, నిఘంటువులు సమకూర్చిన తొలితరం భాషాశాస్త్రవేత్త. ఉద్యమనేతగా ఆయన పొందిన కీర్తి చాటున ఈ కృషి కొంత మరుగున పడింది.

నేపథ్యం

రామమూర్తి శ్రీకాకుళం ప్రాంతంలో, శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపాన గల పర్వతాలపేటలో జన్మించారు. బాల్యంలోనే తండ్రి వీర్రాజు మరణించారు. విజయనగరంలో చదువుకునే రోజుల్లో గురజాడ అప్పారావు ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజా వారి పాఠశాలలో ఉపాధ్యాయునిగా చేరి, తరువాత అక్కడి కళాశాలలో చరిత్ర బోధించారు. ముఖలింగంలోని గాంగరాజుల శాసనాలను స్వయంకృషితో చదవగలిగారు.

సవర భాషాధ్యయనం

టెక్కలి, పాతపట్నం, మందస ప్రాంతాలను ఆనుకొని మహేంద్రగిరి వరకు వ్యాపించిన కొండలలో సవరలు నివసిస్తారు. పర్లాకిమిడికి వచ్చే సవరల మాటలు విని రామమూర్తికి ఆ భాషపై ఆసక్తి కలిగింది. నేర్చుకోవడానికి అప్పటికి తగిన పుస్తకాలు లేవు. అందుచేత తెలుగు తెలిసిన ఒక సవరను తన ఇంటనే ఉంచుకొని భాష నేర్చుకున్నారు. కొండ గూడేలకు స్వయంగా వెళ్లి పదాలు, పాటలు, కథలు సేకరించారు. ఈ పర్యటనలలో సోకిన మలేరియాకు వాడిన క్వినైను వలన ఆయనకు వినికిడి శక్తి తగ్గిందని చెబుతారు. చెవితో విని భాషను పట్టుకోవలసిన పండితునికి ఇది తీరని నష్టమైనా, కృషి మాత్రం ఆగలేదు.

సవర భాష ద్రావిడ కుటుంబానికి చెందినది కాదు. సంతాలీ, ముండారీల వలె ఇది ముండా శాఖకు చెందిన ఆస్ట్రో-ఆసియాటిక్ భాష. క్రియాపదంలోనే నామాన్ని ఇముడ్చుకోవడం, పదమూడును 'పన్నెండు-ఒకటి'గా లెక్కించడం దీని విశిష్టతలు.

పాఠశాలలు

సవర పిల్లలకు వారి భాషలోనే చదువు ఆరంభం కావాలని రామమూర్తి భావించారు. వాచకాలు తయారుచేసి, సొంత ఖర్చుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలు చెల్లించారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపినప్పుడు ఆ సొమ్ముతో సవరలకు బడి నడపవలసిందిగా కోరారు.

గ్రంథాలు

* సవర భాషా వ్యాకరణం (ఆంగ్లంలో, 1931)
* ఇంగ్లీషు-సవర నిఘంటువు (1933)
* సవర-ఇంగ్లీషు నిఘంటువు (1938)

ఆయన కుమారుడు గిడుగు సీతాపతి కూడా ఈ అధ్యయనంలో పాలుపంచుకున్నారు.

చివరి దశ

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. ఈ విలీనాన్ని వ్యతిరేకించిన రామమూర్తి, యాభై ఏళ్లకు పైగా నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. సవర-ఇంగ్లీషు నిఘంటువు ఆ తరువాతే వెలువడింది.

ప్రాముఖ్యత

సవరకు ప్రత్యేక లిపిగా 'సొరాంగ్ సొంపెంగ్' 1936లో రూపొందింది. అంతకు ముందే ఆ భాషలో వాచకాలు రాయించి బడులు నడపడం రామమూర్తి ప్రత్యేకత. తెలుగులో వాడుక భాష కోసం, సవరలో మాతృభాషా విద్య కోసం ఆయన చేసిన వాదన ఒకటే: పిల్లవాడు మాట్లాడే భాషలోనే చదువు మొదలు కావాలి. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు.