సోమవారం నాటి పునరుత్థానం

ఈస్టర్ మర్నాడు. ఇంకా చీకటి విడలేదు. పల్నాడులో ఒక ఊరి చివర, గుడి ఎదురుగా ట్రక్కు ఆటో ఆగి ఉంది.

నిన్న ఇదే వేళకు ఈ వీధి నిండా తెల్లచీరలు, మల్లెపూలు, కొవ్వొత్తులు. ఊరి బయట సమాధుల తోటలో, కొత్తగా సున్నం వేసిన సమాధుల మధ్య నిలబడి క్రీస్తు లేచాడని అయ్యగారు చాటగానే జనమంతా ఒక్క గొంతుతో హల్లెలూయ అన్నారు. ఇవాళ ఆ తెల్లచీరలు దండేల మీద ఆరుతున్నాయి. ఆడవాళ్లు పాత చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, నెత్తికి తువ్వాలు చుట్టుకుని, క్యారియర్లు పట్టుకుని ఒక్కొక్కరే వస్తున్నారు.

"వందనాలు వదినా."

"వందనాలమ్మా. ఎక్కు ఎక్కు, మేస్త్రి తొందరపెడుతున్నాడు."

మీరూ ఎక్కండి. కాస్త సర్దుకుంటే చోటు దొరుకుతుంది.

కల్లం ఇంకా కనపడకముందే ఘాటు ముక్కుకు తగులుతుంది. దిగేసరికి తూర్పున వెలుగు. పట్టాల మీద ఆరబోసిన మిరపకాయలు కనుచూపు మేర ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. అందరూ వరసలో కూర్చుని తువ్వాలు ముక్కుకు అడ్డం కట్టుకుంటారు. పని మొదలవుతుంది. మంచికాయ ఒక పక్కకి, తెల్లబారిన తాలుకాయ ఇంకో పక్కకి. తాలు ఎక్కువైతే గుంటూరు యార్డులో ధర పడిపోతుంది కాబట్టి రైతు ఒక కన్ను ఇటే వేసి ఉంచుతాడు. కాసేపటికే మీకు తుమ్ములు అందుకుంటాయి. వేళ్ల సందుల్లో మంట మొదలవుతుంది. ఈ మంట రాత్రి కొబ్బరినూనె రాసుకున్నా ఓ పట్టాన తగ్గదు.

మీ పక్కన కూర్చున్న ఆమెకు ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. పోయిన వానాకాలం భర్త చనిపోయాడు. చాలాసేపు ఏమీ మాట్లాడదు. తర్వాత, కాయల మీంచి కళ్లు తిప్పకుండానే అంటుంది: "నిన్న ఆయన సమాధికి నేనే సున్నం కొట్టానే పెద్దమ్మా. కొవ్వొత్తి గాలికి ఆరిపోతుంటే మూడుసార్లు వెలిగించా."

పెద్దావిడ చెయ్యి ఆగదు. పగిలిన కాయలోంచి జారిన గింజలు అరచేతిలోకి తీసుకుని చూపిస్తుంది. "వీటిని మట్టిలో పెట్టేది పారేయడానికా అమ్మాయ్? మీ ఆయన్నీ అంతే. ప్రభువు పిలిచినప్పుడు లేస్తాడు."

ఈమె తలవంచుకుని ఏడుస్తుంది. అది మిరప ఘాటు వల్లేనని ఎవరూ అనుకోరు. కన్నీళ్లు తుడవడానికి కారం అంటిన చేతులు పనికిరావు. పెద్దావిడే తన కొంగు అంచుతో తుడుస్తుంది.

యోహాను సువార్తలో మొదటి ఈస్టర్ ఉదయం కూడా ఇలాంటిదే. మగ్దలేనే మరియ సమాధి దగ్గర ఏడుస్తోంది. ఎదుట నిలబడ్డ ప్రభువును చూసి తోటమాలి అనుకుంది. తోటపని చేసేవాడు తెల్లవారకముందే తోటలో ఉండడం ఎవరికైనా మామూలే కదా! ఆయన పేరు పెట్టి పిలిచాకే ఆమె గుర్తుపట్టింది. లేచిన ప్రభువును మొదట చూసిన కళ్లు ఏడుస్తున్న కళ్లే.

మధ్యాహ్నం. వేపచెట్టు కింద క్యారియర్లు తెరుచుకుంటాయి. భర్త పోయినప్పటినుంచీ ఆమె గిన్నెలో రోజూ అన్నం, పచ్చడే. ఇవాళ ఎవరూ అడగకుండానే నాలుగు గిన్నెల్లోంచి నాలుగు ముద్దలు ఆమె పళ్లెంలోకి వస్తాయి. ఒకరు పండగ కోడికూర వేస్తారు, ఇంకొకరు గోంగూర. "తిను, ఎండలో కళ్లు తిరుగుతాయి" అంటుంది మీకు ఎదురుగా కూర్చున్నావిడ. మీ చేతిలోనూ ఒక ముద్ద పెడుతుంది.

ఎమ్మాయు దారిన నడిచిన ఇద్దరు శిష్యులు లేచిన ప్రభువు పక్కన నడుస్తూనే ఆయన్ని పోల్చుకోలేదు. ఆశ అడుగంటినవాళ్లు వాళ్లు. దారిలో ఆయన లేఖనాలు విప్పి చెబుతుంటే గుండె మండింది గానీ, కళ్లు తెరుచుకున్నది మాత్రం సాయంత్రం భోజనానికి కూర్చుని ఆయన రొట్టె విరిచినప్పుడే. ఆ వేపనీడలో కూర్చుంటే, అప్పుడే ఎందుకు తెరుచుకున్నాయో మీకు అర్థమవుతుంది.

1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చాక ఈ ప్రాంతంలో లూథరన్ సంఘాలు మొదలయ్యాయి. వాటిలో చేరినవాళ్లలో ఎక్కువమంది ఇలాంటి పొలం పనివాళ్లే. గుడిలో విన్న మాటను కల్లం దాకా మోసుకురావడం వీళ్లకు తాతల నాటి అలవాటు.

పొద్దుగూకాక పేటలో ఒక ఇంట్లో ప్రార్థన కూడిక. చాప మీద జరిగి మీకు చోటిస్తారు. పాట మధ్యలో గుమ్మం దగ్గర ఓ కుర్రాడు వచ్చి నిలబడతాడు, లోపలికి రాడు. శ్రమల కాలం నలభై రోజులూ మందు ముట్టలేదు. నిన్న పండగ రాత్రి తాగి వచ్చి తల్లి మీద కేకలు వేశాడు. వీధంతా విన్నది.

అయ్యగారు ఆ రాత్రి అతని గురించి ఒక్క మాటా ఎత్తరు. పేతురు సంగతి చెబుతారు. బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ ప్రభువును ఎరగనని మూడుసార్లు అన్నవాడు. పునరుత్థానం తర్వాత మళ్లీ వల పట్టుకుని పాత పనికే వెళ్లాడు, రాత్రంతా ఒక్క చేపా పడలేదు. తెల్లారి ఆయన మాట మీద వల వేస్తే 153 పెద్ద చేపలు. ఒడ్డుకొస్తే అక్కడ మళ్లీ బొగ్గుల నిప్పులు, వాటి మీద చేపలు, పక్కన రొట్టె. లేచిన ప్రభువు తనను కాదన్నవాడికి ముందు అన్నం పెట్టి, ఆ తర్వాతే ప్రేమ గురించి అడిగాడు. మూడుసార్లు అడిగి, మూడుసార్లూ పని అప్పగించాడు.

తల్లి లేచి వెళ్లి కొడుకు చెయ్యి పట్టుకుని తెచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంటుంది. రేపు అతను తాగడని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ రేపు కూడా ఈ చాప మీద అతనికి చోటుంటుంది.

సువార్తలు, అపొస్తలుల కార్యములు తిరగేసి చూడండి. లేచిన క్రీస్తు దేవాలయంలో సింహాసనం వేయించుకోలేదు, తనను సిలువ వేయించినవాళ్ల ముందుకు వెళ్లి గెలుపు చాటుకోలేదు. నలభై రోజుల పాటు తోటలో, దారిలో, తలుపులు వేసుకున్న గదిలో, వలల దగ్గర, భోజనం దగ్గర కనిపించాడు. కాబట్టి పండగ దాటిన రోజులు ఖాళీ రోజులు కావు. పెంతెకొస్తు దాకా యాభై రోజులూ సంఘానికి పునరుత్థాన కాలమే.

ఈ యాభై రోజుల్లో మీ వీధిలో చావు జరిగిన ఇల్లు ఒకటి ఉంటుంది, సిగ్గుతో గుమ్మం దగ్గరే ఆగిన మనిషి ఒకరుంటారు. ఆ ఇంటికి వెళ్లండి. ఆ మనిషిని లోపలికి పిలిచి అన్నం పెట్టండి. క్రీస్తు లేచాడని నమ్మేవాళ్లు చేయవలసిన పని అదే.