సాంబ మసూరి ఆకులో మూడు జన్యువులు

అక్టోబరు పొద్దు. చిల్లకల్లు దగ్గర హైవే వదిలి, సాగర్ ఎడమ కాలువ నీరు పారే మళ్లలోకి దిగుతున్నాం. మంచుకి గట్టు తడిసి చెప్పులు జారుతున్నాయి. ఎటు చూసినా బీపీటీ వరి, అదే సాంబ మసూరి. చిరుపొట్ట మీద ఉంది. మొన్ననే గాలివాన కొట్టి వెళ్లింది.

వంగి చూడండి. ఆకు కొస నుంచి రెండు అంచుల వెంట పసుపు చార కిందికి దిగుతోంది. చార సూటిగా లేదు, అలలు అలలుగా ఉంది. దాని మీద పాలరంగు చుక్కలు. ఎండెక్కితే అవి గట్టిపడి పసుప్పచ్చని పూసలవుతాయి. ఆ ఆకుని కోసి, కోత వైపు గ్లాసెడు తేటనీళ్లలో ముంచండి. కదపకండి. కాసేపటికి కోత దగ్గర నుంచి తెల్లటి తీగ ఒకటి, సాంబ్రాణి పొగ తలకిందులుగా దిగినట్టు, నీళ్లలోకి దిగుతుంది. అదంతా బాక్టీరియా. పేరు జాంథోమోనాస్ ఒరైజే.

"ఎండాకు తెగులేనా అమ్మాయ్? ఏదైనా మందు కొట్టమంటావా?" అంటున్నాడు రైతు.

"మందుకి లొంగేది కాదు బాబాయ్. యూరియా ఆపెయ్. మడిలో నీళ్లు తీసెయ్" అంటోంది పక్కనున్న వ్యవసాయ సహాయకురాలు.

ఆయన ముఖం చూస్తే, ఈ తెగులుకి జవాబు డబ్బాలో కాక విత్తనంలోనే ఉండాలని ఎవరికైనా అనిపిస్తుంది. అలా అనుకుని ఏళ్ల తరబడి దీని వెంటపడిన శాస్త్రవేత్తల్లో రమేష్ శొంటి ఒకరు. ఆయన మొదలుపెట్టింది వరితో కాదు. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో జాన్ రాత్ దగ్గర సాల్మొనెల్లా బాక్టీరియా జన్యువుల మీద పరిశోధన చేశారు. తర్వాత హైదరాబాదులోని పరిశోధన సంస్థ సీసీఎంబీకి వచ్చి, అదే చూపుని మన పొలాల్లోని బాక్టీరియా మీదికి తిప్పారు. ఆకు కణాల గోడల్ని ఈ సూక్ష్మజీవి ఏ ఎంజైములతో కరిగిస్తుంది, ఆ కరుగుడుని పసిగట్టి వరి ఎలా ఎదురుతిరుగుతుంది అన్నది ఆయన బృందం ఓపిగ్గా విప్పిన ముడి.

ఇక్కణ్ణుంచి రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ గాజు ఇంట్లోకి రండి. లోపల ఉక్క. కుండీల్లో సాంబ మసూరి వరసలు. ఒకరు కత్తెరని బాక్టీరియా కలిపిన నీళ్లలో ముంచి ఆకుల కొసలు కత్తిరిస్తున్నారు, మళ్లీ ముంచుతున్నారు, మళ్లీ కత్తిరిస్తున్నారు. రెండు వారాలయ్యాక స్కేలు పెట్టి ఎండిన పొడవు కొలుస్తారు. తెగులుకి లొంగే మొక్కలో ఎండు ఆకు పొడవునా దిగిపోతుంది. తట్టుకునే మొక్కలో కత్తెర పడ్డ చోటు పక్కనే ఆగిపోతుంది.

ఆ ఆగిపోవడం వెనక మూడు జన్యువులున్నాయి. ఎక్స్ఏ21 ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. బాక్టీరియా వచ్చిందని కనిపెట్టేది ఇదే. 1995లో పమేలా రొనాల్డ్ బృందం దీన్ని విడదీసి చూపింది. ఎక్స్ఏ13 తీరు వేరు. బాక్టీరియా తన తిండి కోసం మొక్క చేత చక్కెర బయటికి పంపించుకుంటుంది. ఎక్స్ఏ13 ఉన్న మొక్కలో ఆ పన్నాగం పారదు. ఎక్స్ఏ5 కూడా అంతే, బాక్టీరియా వాడుకోవాల్సిన ప్రోటీన్ ఇందులో కాస్త మారి ఉంటుంది. చివరి రెండింటితో చిక్కేమిటంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వస్తేనే పనిచేస్తాయి. పైగా ఒక జన్యువు కాపాడుతుంటే మిగతావి ఉన్నాయో లేవో చేలో నిలబడి ఎంత గొప్ప బ్రీడరైనా కంటితో చెప్పలేడు. అందుకే ప్రతి తరంలోనూ ఆకు ముక్క నూరి డీఎన్ఏ తీసి, జెల్ మీద గీతలు చూసి మొక్కల్ని ఏరారు. మూడు జన్యువులూ ఉన్న మొక్కతో సంకరం చేసి, నాలుగుసార్లు తిరిగి సాంబ మసూరితోనే కలిపారు. గింజ సన్నదనం, అన్నం రుచి చెడకూడదు కదా! సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి చేసిన ఈ పని 2008లో 'ఇంప్రూవ్డ్ సాంబ మసూరి'గా విడుదలైంది. ఆ పరిశోధనా పత్రానికి మొదటి రచయిత ఆర్.ఎం. సుందరం, తర్వాత వరి పరిశోధన సంస్థకే డైరెక్టరయ్యారు. శొంటి ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు పరిశోధన సంస్థకి డైరెక్టరయ్యారు.

వీళ్లందరికీ పునాది బాపట్లలో పడింది. జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి కలిపి అక్కడ డాక్టర్ ఎం.వి. రెడ్డి రూపొందించిన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, విడుదలైంది 1986లో. శాస్త్రవేత్త ప్రభావాన్ని ఆయన పత్రాన్ని ఎందరు ఉటంకించారన్న లెక్కతో కొలవడం లోకం అలవాటు. నాకు మాత్రం ఆయన గింజ మీద ఇంకెందరు పని చేశారన్నదే పెద్ద కొలత. 2025 మే నెలలో కేంద్రం ప్రకటించిన రెండు జన్యు సవరణ వరి రకాల్లో 'కమల' సాంబ మసూరి నుంచి పుట్టింది. పంట ఇరవై రోజులు ముందే చేతికొస్తుందనీ, దిగుబడి 19 శాతం ఎక్కువనీ చెప్పారు. రెండోదానికి మూలం మన మార్టేరు ఎంటీయూ 1010. దేశపు కొత్త అడుగు రెండు తెలుగు గింజల మీదే పడింది. అయినా బియ్యం సంచి మీద బ్రీడరు పేరు వెయ్యం. వెయ్యాలి.

ఎండ ఎక్కుతోంది. బాబాయ్ మడికి గండి కొడుతున్నాడు. ఈ పంటకి ఇంతకన్నా చేయగలిగింది లేదు.

జగ్గయ్యపేట, నందిగామ వైపు సన్నాలు వేసే రైతులకి నా మనవి ఒకటే. మీ చేలో ఏటా ఎండాకు వస్తుంటే, వచ్చే ఖరీఫ్ నారుమడి పోసేలోపే గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లి ఇంప్రూవ్డ్ సాంబ మసూరి విత్తనం గురించి అడగండి.