మచ్చతో సహా నకలు

చరిత్ర అనగానే మనకు శాసనాలూ, తాళపత్రాలూ, కోట గోడలూ కళ్ళముందు కదులుతాయి. పిల్లలు ఆడి ఆడి విసుగెత్తి సొరుగులో పడేసిన ఆటల సీడీలకు కూడా ఓ చరిత్ర వుందనీ, వాటికి శాసనాలకు తీసినంత భక్తిగా నకళ్ళు తీసేవాళ్ళు దేశదేశాల్లో వున్నారనీ చెబితే, "మరీ చోద్యం!" అంటారేమో. చోద్యమే. కానీ కాస్త ఓపిక పట్టి వింటే, దాచుకోవడమంటే ఏమిటో మనకూ పనికొచ్చే సంగతి ఒకటి ఇందులో వుంది సుమండీ.

ముందు ఈ బిళ్ళ పుట్టుక చెబుతాను. ఫిలిప్స్, సోనీ కంపెనీలు కలిసి రూపొందించిన కాంపాక్ట్ డిస్కు 1982లో జపానులో బజారుకొచ్చింది. అప్పుడది పాటలు వినడానికే. టీవీకి తగిలించి ఆడుకునే ఆటపెట్టెలకు, అంటే కన్సోల్స్‌కు, ఆ రోజుల్లో ఆటలు కార్ట్రిడ్జిల్లో వచ్చేవి. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా, లోపల చిప్పులు. గట్టిదే గాని ఖరీదెక్కువ, చోటు తక్కువ. 1988 డిసెంబరులో ఎన్.ఇ.సి. కంపెనీ పీసీ ఇంజిన్ అనే తన ఆటపెట్టెకు సీడీ నడిపే సాధనం జతచేసింది. 1994 నవంబరులో సెగా వారి శాటర్న్, ఆ మరుసటి నెలలో సోనీ వారి ప్లేస్టేషన్ జపానులో వచ్చాయి. ఇక బిళ్ళదే రాజ్యం. ఆ మొదటి ప్లేస్టేషన్ ఒక్కటే ప్రపంచం మొత్తం మీద 10 కోట్లకు పైగా అమ్ముడుపోయింది.

బిళ్ళ చవక. అచ్చు గుద్దినట్టు వేలకొద్దీ గుద్దెయ్యవచ్చు. అయితే చవక వస్తువుకుండే గుణం దీనికీ వుంది. 1.2 మిల్లీమీటర్ల మందం ప్లాస్టిక్, అందులో లోపలినుంచి బయటికి చుట్టలు చుట్టుకుంటూ పోయే ఒకే గీత, ఆ గీతలో కంటికి కనపడని గుంటలు. వాటిమీద పల్చటి అల్యూమినియం పూత, దానిపైన వార్నిషు లాంటి పొర, ఆపైన బొమ్మ. మనమంతా మెరిసేవైపు గీత పడితే గాభరా పడతాం. నిజానికి నాజూకైనది బొమ్మ వున్న వైపే. అటు గట్టిగా గీరుకుందంటే పూతే లేచిపోతుంది, అక్కడి రాత ఇక తిరిగి రాదు. గాలీ తేమా లోపలికి చేరితే పూత మాసి చిల్లులు పడుతుంది. అలాంటి బిళ్ళను దీపానికెదురుగా పట్టుకుంటే జల్లెడలోంచి చూసినట్టు వెలుతురు చుక్కలు కనిపిస్తాయి.

"పోతే పోయింది, తయారుచేసినవాళ్ళ దగ్గర అసలు ప్రతి వుండదా?" అంటారు. అక్కడే వుంది కిటుకు. 'సైలెంట్ హిల్' అనే భయానకమైన ఆటలు 2001లోనూ 2003లోనూ వచ్చి మంచి పేరు తెచ్చుకున్నాయి. 2012లో వాటిని కొత్త టీవీలకు తగ్గట్టు తీర్చిదిద్దబోతే, చివరి దశ రాతప్రతులు కంపెనీలో దొరకలేదు. సగం వంటలో దింపినట్టున్న పాత ప్రతితోనే పని మొదలుపెట్టి, ఎప్పుడో దిద్దిన తప్పుల్నే మళ్ళీ దిద్దుకోవలసి వచ్చింది. 2002లో వచ్చిన 'కింగ్‌డమ్ హార్ట్స్' కథా అంతే. కొత్త రూపం తయారుచేసేనాటికి మూల సామగ్రి పోయింది. బజారులో అమ్మిన ఆటనే తవ్వి చూసుకుని మళ్ళీ తయారుచేసుకోవలసి వచ్చిందని దాని దర్శకుడే చెప్పాడు. చూశారా, పుట్టింట్లో లేని నగ అత్తింటి పెట్టెలో దొరికినట్టు!

అందుకే ఈ నకళ్ళ ఉద్యమం. కంప్యూటరులో బిళ్ళ పెట్టి ఓ మీట నొక్కితే నకలు రాదా అంటే, వస్తుంది. ఆడుకోవడానికి చాలావరకు అది చాలు. దాచడానికి చాలదు. సీడీ మీద రాత చిన్న చిన్న ముక్కలుగా వుంటుంది. ఒక్కో ముక్కకు 2,352 బైట్లు. అందులో ఆటకు సంబంధించినవి సాధారణంగా 2,048. మిగతా 304 ఎందుకంటే, ముక్క ఎక్కడ మొదలైందో, దాని చిరునామా ఏమిటో చెప్పడానికీ, గీతపడి కొన్ని అక్షరాలు చెరిగితే వాటిని తిరిగి రాబట్టడానికీ. మన పద్యంలో ఓ అక్షరం చెద తింటే గణాలూ యతిప్రాసలూ చూసి పండితులు పూరిస్తారే, ఇంచుమించు అలాంటి ఏర్పాటన్నమాట. మామూలు నకలు ఆ 2,048 మాత్రమే తీసుకుని తతిమ్మా వదిలేస్తుంది. భద్రపరిచేవాళ్ళు మొత్తం 2,352 దించుకుంటారు.

మా ఆడపడుచు కొడుకు ఒకడు న్యూజెర్సీలో వుంటాడు. పగలు ఉద్యోగం, రాత్రిళ్ళు ఈ పని. మొన్న ఫోనులో మాట్లాడుతూ, "ఎలాగూ అంత శ్రమపడుతున్నావు, ఆ బిళ్ళలో తప్పులేమైనా వుంటే దిద్దిపెట్టకూడదుటోయ్?" అన్నాను.

"దిద్దడం నా పని కాదత్తయ్యా. వున్నది వున్నట్టు దించడమే నా పని. అది తప్పో ఒప్పో తరవాతివాళ్ళు తేల్చుకుంటారు" అన్నాడు.

వాడికి తాళపత్రాల సంగతి తెలుసో తెలియదో గాని, మన లేఖకులన్నదీ ఆ మాటే. ప్రతి ముగించాక ఆఖరి ఆకు మీద, చూసినది చూసినట్టు రాశాను, తప్పొప్పులకు నన్ను నిందించకండి అనే అర్థం వచ్చేట్టు ఓ మాట రాసుకునేవారు.

ఈ బిళ్ళల్లో తప్పుల్ని దిద్దకపోవడానికి ఇంకో గట్టి కారణం వుంది. కొన్ని తప్పులు కావాలని చేసినవి! దొంగ నకళ్ళను అరికట్టడానికి సోనీవారు ప్లేస్టేషన్ బిళ్ళ లోపలి అంచులో గీతను సన్నగా వణికేట్టు చేయించారు. ఆ వణుకులో జపానుకొకటి, అమెరికాకొకటి, ఐరోపాకొకటి చొప్పున నాలుగేసి అక్షరాల గుర్తు దాగివుంటుంది. మామూలు సీడీ రాసే యంత్రం ఆ వణుకును పుట్టించలేదు. అదిలేని బిళ్ళను పెట్టె ఆడనివ్వదు. ఐరోపాలో అమ్మిన కొన్ని ఆటల్లో ఇంకో ఎత్తు వేశారు. బిళ్ళ పొడుగునా రాత పక్కనే నడిచే చిరునామా గుర్తులుంటాయి. వాటిలో కొన్నింటిని కావాలనే తప్పుగా రాశారు. ఆట నడుస్తుండగా ఆ తప్పులు వుండవలసిన చోట వున్నాయో లేదో చూసుకుంటుంది. లేకపోతే మొరాయిస్తుంది. పాపం, మంచిచేద్దామనుకుని ఎవరైనా ఆ గుర్తులన్నీ సరిచేశారనుకోండి, ఆట చచ్చినట్టే. ముత్తైదువ ముఖాన మచ్చ తుడుస్తున్నాననుకుని బొట్టు చెరిపినట్టవుతుంది.

ఇక చదివే యంత్రాల సంగతి. దాదాపు ప్రతి సీడీ డ్రైవూ పాటలున్న భాగాన్ని రవంత ముందో వెనకో చదువుతుంది. సెకను సంగీతానికి 44,100 నమూనాలుంటాయి. ఈ పనివాళ్ళు ఏరికోరి వెతుక్కునే జపాను ప్లెక్స్‌టర్ డ్రైవులు చాలావాటికి ఆ తేడా 30 నమూనాలు. అంటే సెకనులో వెయ్యోవంతు కూడా కాదు. మన చెవికేం తెలుస్తుంది? అయినా ఆ తేడాను లెక్కగట్టి సవరిస్తారు. అది యంత్రం చేసిన తప్పు గనక. ఫ్యాక్టరీలో అచ్చుపోసేటప్పుడు వచ్చిన తేడాను మాత్రం చెరపరు, చిట్టాలో రాసి పెడతారు. అది బిళ్ళతో పుట్టిన మచ్చ గనక. ఎవరి తప్పు వాళ్ళ ఖాతాలో వెయ్యడమంటే ఇదీ.

అంతా అయ్యాక, నకలు సరిగ్గా వచ్చిందని నమ్మేదెలా? దానికి లెక్కల పద్ధతి ఒకటుంది. మొత్తం నకలునుంచి 40 అక్షరాల వేలిముద్ర లాంటిది తీస్తారు. లోపల ఒక్క చుక్క మారినా వేలిముద్ర మారిపోతుంది. ఒకచోట ఒకరు, మరోచోట మరొకరు, వేరువేరు బిళ్ళలనుంచి వేరువేరు డ్రైవులతో దించినవి తెచ్చి పోలుస్తారు. రెండు వేలిముద్రలూ కలిస్తే నిజమన్నట్టు. ముఖాలు కూడా ఎరుగని ఇద్దరి సాక్ష్యం అన్నమాట! 2000ల మధ్యలో మొదలైన రీడంప్ అనే స్వచ్ఛంద ప్రాజెక్టు ఇలాంటి వేలిముద్రలకూ, బిళ్ళ నడిమి చిల్లు చుట్టూ చెక్కివుండే సన్నక్షరాలకూ చిట్టా రాస్తూ వచ్చింది. ఆ చిట్టాలో ఆటలుండవు, వాటి ఆనవాళ్ళే వుంటాయి.

1829లో వేమన పద్యాలు అచ్చువేయించిన బ్రౌన్ దొర కూడా ఎన్నో వ్రాతప్రతులు పోగుచేసి పండితులచేత పోల్చి చూపించాడు. అయితే ఆయన వాటిలో మేలైన పాఠం ఎంచుకున్నాడు. వీళ్ళు ఎంచుకోరు. రెండు నకళ్ళూ బాగానే వుండి కలవలేదంటే, కంపెనీవారు మధ్యలో తప్పు దిద్ది మళ్ళీ అచ్చుపోశారన్నమాట. అప్పుడు రెండింటినీ దాస్తారు.

ఆటల్లో దాచవలసినంత ఏముందని మీలో కొందరికి అనిపిస్తూనే వుంటుంది. ఒక్క ఆవిడ సంగతి చెబుతాను. రియేకో కొడామా 1984లో సెగా కంపెనీలో బొమ్మలు వేసే ఉద్యోగంలో చేరింది. 1987లో వచ్చిన 'ఫాంటసీ స్టార్'కు చిత్రకల్పన చేసింది. అది కార్ట్రిడ్జి కాలం. ఇతర కంపెనీలు పనివాళ్ళను ఎగరేసుకుపోతాయన్న భయంతో అప్పట్లో జపాను కంపెనీలు అసలు పేర్లు వెయ్యనిచ్చేవి కావు. అందుకని ఆవిడ పేరు ఆట చివర 'ఫీనిక్స్ రియే' అని మారుపేరుగా పడింది. తరవాత దర్శకురాలైంది, నిర్మాత అయింది. 2000లో డ్రీమ్‌కాస్ట్ అనే పెట్టెకు వచ్చిన 'స్కైస్ ఆఫ్ ఆర్కేడియా' ఆవిడ చేతిమీదుగా నడిచిన ఆట. 2022 మేలో ఆవిడ పోయింది. ఆ సంగతి లోకానికి తెలిసింది అక్టోబరులో, సెగావారి ఓ చిన్న ఆటపెట్టెలో కనిపించిన ఒక్క స్మృతివాక్యం వల్ల. మగవాళ్ళ పేర్లే వినిపించిన రోజుల్లో ఒక ఆడమనిషి చేసిన పనికి సాక్ష్యం ఎక్కడుందయ్యా అంటే, ఆట ఆఖరున వరసగా కదిలిపోయే పేర్లలో వుంది. బిళ్ళ చెడితే ఆ పేరూ చెడుతుంది.

ఆ డ్రీమ్‌కాస్ట్ బిళ్ళ మరీ మొండిది. మామూలు సీడీ కంటే ఎక్కువ, సుమారు ఒక గిగాబైటు పట్టేట్టు చేశారు. ఆ భాగాన్ని మామూలు కంప్యూటర్ డ్రైవు తనంతట తాను చదవలేదు. ఆ పాత పెట్టెచేతనే చదివించి అందులోంచి దించుకోవడం ఒక మార్గం. డ్రీమ్‌కాస్ట్ తయారీ 2001లోనే ఆగిపోయింది. అంటే బిళ్ళ ఒక్కటే కాదు, దాన్ని చదివే కన్ను కూడా ముసలిదైపోతోంది.

మరి ప్రభుత్వాలేం చేస్తున్నాయి? ఫ్రాన్సులో 1992 నాటి చట్టం ప్రకారం ఆటలూ పుస్తకాల్లాగే జాతీయ గ్రంథాలయానికి చేరుతున్నాయి. అమెరికాలో రాచెస్టర్ ఊళ్ళోని స్ట్రాంగ్ మ్యూజియం ఎన్నో కూడబెట్టింది. అయితే 2010కి ముందు అమెరికాలో వచ్చిన ఆటల్లో నూటికి 87 బజారులో దొరకడం లేదని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వారి అధ్యయనంలో తేలింది. గ్రంథాలయాల్లో దాచిన ఆటలను పరిశోధకులు తమ చోటునుంచే చూసుకోనివ్వండని అడిగితే, 2024 అక్టోబరులో అక్కడి కాపీరైట్ కార్యాలయం కాదంది. ఆ వంకతో ఊరికే ఆడుకుంటారని కంపెనీల భయం. హక్కుదారుల సొత్తును ఊరంతా పంచిపెట్టడం తప్పే, కాదనను. కానీ అమ్మరు, చూడనివ్వరు, తమ దగ్గరా భద్రంగా వుంచుకోరు అంటే, చివరికి మిగిలేది ఎవరికి?

మన ఇళ్ళల్లోనూ ఇలాంటి బిళ్ళలుంటాయి. ఆటలవి కాకపోతే పెళ్ళివీ, పాటలవీ. అంచు పట్టుకుని తీయండి, నిలువుగా పెట్టెలో వుంచండి, బొమ్మవైపు కాగితాలు అంటించకండి, ఎండా చెమ్మా తగలనివ్వకండి. అన్నిటికంటే ముందు, అది ఇంకా తిరుగుతుండగానే నకలు తీయించండి.

తీయించేటప్పుడు ఆ కుర్రవాడు "అక్కడ దగ్గు వినిపిస్తోంది, ఇక్కడ బొమ్మ మసగ్గా వుంది, తీసేసి శుభ్రం చేసిస్తానండీ" అంటాడు. శుభ్రం చేసింది కావాలంటే వేరే చేయించుకోండి. ముందుగా మాత్రం వున్నది వున్నట్టు ఒకటి దింపించి పెట్టుకోండి. ఆ దగ్గింది మామ్మగారై వుండవచ్చు.