పెద్ద టర్బో అమర్చాక కారు స్పందన మందగిస్తే.. కారణాన్ని గుర్తించడం ఎలా?

ఇంజిన్ శక్తిని పెంచేందుకు పెద్ద టర్బోఛార్జర్ అమర్చిన తర్వాత, యాక్సిలరేటర్ తొక్కినా కారు ఆలస్యంగా స్పందించడాన్ని ‘టర్బో ల్యాగ్’ అంటారు. రెండు వరుసల రహదారిపై లారీని దాటే వేళ ఈ జాప్యం ప్రమాదానికి దారితీయవచ్చు.

స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లో పేటెంట్ పొందిన ఆలోచనే ఈ పరికరానికి మూలం. ఇంజిన్ వదిలే పొగ టర్బైన్‌ను తిప్పుతుంది. అదే ఇరుసుపై ఉన్న కంప్రెసర్ గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి పంపుతుంది. ఈ చక్రాలు నిమిషానికి లక్షకు పైగా భ్రమణాలు చేయగలవు.

రెండింటి మధ్య భేదం

ఇంజిన్ వేగం తక్కువగా ఉంటే టర్బైన్‌ను తిప్పడానికి పొగ చాలదు. ఎంతసేపు తొక్కి ఉంచినా ఒత్తిడి రాదు. ఇది ల్యాగ్ కాదు, బూస్ట్ ఆరంభ పరిమితి. గేరు తగ్గించగానే స్పందన మెరుగైతే లోపం లేనట్టే. తగిన వేగంలోనూ జాప్యం కొనసాగితేనే పరీక్షలు అవసరం.

పరీక్షల క్రమం

* టర్బో నుంచి ఇంజిన్‌కు గాలిని చేర్చే గొట్టాలు, క్లిప్పులు, ఇంటర్‌కూలర్‌ను ఇంజిన్ ఆపి స్మోక్ టెస్ట్‌తో పరీక్షించాలి. బుస్సుమనే శబ్దం, నల్లటి పొగ లీకుకు సూచనలు.
* టర్బైన్‌కు ముందున్న గ్యాస్కెట్ల వద్ద మసి మరకలుంటే పొగ దారిమళ్లుతున్నట్టు భావించాలి.
* వేస్ట్‌గేట్ పూర్తిగా మూసుకుంటోందో లేదో చూడాలి. తెరిచి ఉంటే పొగ టర్బైన్‌ను తిప్పకుండానే బయటికి పోతుంది.
* ఎయిర్ ఫిల్టర్, క్యాటలిటిక్ కన్వర్టర్ పూడుకుపోలేదని నిర్ధారించుకోవాలి.
* ఈసీయూ ప్రోగ్రామ్ కొత్త టర్బోకు అనుగుణంగా ఉందో లేదో తనిఖీ చేయాలి.

ఇవన్నీ సవ్యంగా ఉంటే కారణం టర్బో పరిమాణమే. ఒకే ఆకృతి, ఒకే లోహంతో చేసిన చక్రం అన్ని కొలతల్లోనూ 10 శాతం పెరిగితే జడత్వ భ్రామకం సుమారు 61 శాతం పెరుగుతుంది. చిన్న టర్బైన్ హౌసింగ్, బాల్ బేరింగ్ టర్బో వంటివి జాప్యాన్ని తగ్గించగలవు. బూస్ట్ ఒత్తిడిని పెంచడం పరిష్కారం కాదు, అది ఇంజిన్‌కే ముప్పు.

చట్టం ఏమంటోంది

రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం-1988లోని సెక్షన్ 52 నిషేధిస్తోంది. 2019 సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పునకు యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా రూ.5,000 జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కాబట్టి విడిభాగాలు కొనేముందే రవాణాశాఖ కార్యాలయంలో విచారించుకోవడం మేలు.